పట్టాల మీద రాయో, స్తంభం ముక్కో కనిపిస్తే ముందు ఏం చెయ్యాలి? సిగ్నల్‌కి తెలియదా?

మీరు అడిగింది ఇదీ. అత్తిలి దగ్గర మీ ఊరి వెనక రైలు కట్ట మీద కుర్రాళ్ళు రూపాయి బిళ్ళలూ కంకర రాళ్ళూ పెడుతున్నారు. మొన్న రాత్రి బైకులు దాటించుకోడానికి ఎవరో పట్టాన్ని ఆనించి వేసిన సిమెంటు స్తంభం ముక్క చూసి మీరే లాగి అవతల పడేశారు. చిన్న రాయికి నిజంగా రైలు పడిపోతుందా, సిగ్నల్‌కి ఈ సంగతి తెలియదా, ఫోన్ చేసి చెబితే తిరిగి మన మీదే కేసు పెడతారా అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. బిళ్ళకి బండి పడదు. కంకర రాయికి చాలాసార్లు పడదు గానీ పడే చోట్లున్నాయి. సిమెంటు స్తంభానికీ ఇనప ముక్కకీ పడే అవకాశం గట్టిగానే ఉంది. సిగ్నల్‌కి మాత్రం వీటిలో దాదాపు ఏదీ తెలియదు. ఫోన్ చేసినందుకు మీ మీద కేసు ఉండదు. బండి వచ్చే వేళైతే ముందు బండిని ఆపే ప్రయత్నం చెయ్యండి, అది చేస్తూనే దగ్గరి గేట్‌మేన్‌కి గానీ రైల్వే హెల్ప్‌లైన్ 139కి గానీ చెప్పండి. ఎలాగన్నది కింద వివరంగా రాస్తాను.

నేను ట్రాక్ మనిషిని. విజయవాడ డివిజన్‌లో పర్మనెంట్ వే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నిడదవోలు, భీమవరం, నరసాపురం వైపు లైన్లన్నీ నడిచి తిరిగినవే. సిగ్నల్ వాళ్ళూ లోకో పైలట్లూ వాళ్ళ వాళ్ళ సంగతులు నాకంటే లోతుగా చెబుతారు. పట్టా, దాని కింద అడ్డంగా వేసే స్లీపరు, కంకర, కట్ట వరకూ మాత్రం నా మాట నమ్మొచ్చు.

సిగ్నల్‌కి ఎందుకు తెలియదంటే

ఆకుపచ్చ లైటు పడిందంటే ముందున్న దారంతా ఎవరో చూసి బాగుందని చెప్పినట్టేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆకుపచ్చ అంటే ముందు భాగంలో వేరే బండి లేదు, పాయింట్లు (బండిని లైను మార్చే కదిలే పట్టాలు) సరిగ్గా కూర్చున్నాయి, గేట్లు పడ్డాయి అని మాత్రమే.

కొన్ని చోట్ల ట్రాక్ సర్క్యూట్ ఉంటుంది. రెండు పట్టాల్లోనూ చిన్న కరెంటు ఎప్పుడూ పారుతుంటుంది. బండి వచ్చి చక్రాలూ ఇరుసూ రెండు పట్టాలనీ కలిపేసరికి ఆ కరెంటు సిగ్నల్‌ని నడిపే రిలే దాకా చేరదు, సిగ్నల్ ఎర్రబడుతుంది. ఎవరైనా ఇనప కడ్డీ తెచ్చి రెండు పట్టాల మీదా అడ్డంగా పడేస్తే అప్పుడూ ఎర్రబడుతుంది, బండ్లు ఆగిపోతాయి. రాయి కరెంటుని కలపదు. తాటి దుంగ కలపదు. గేదె కలపదు. ఒక్క పట్టా మీద పెట్టిన ఇనప ముక్కా కలపదు. వీటిలో ఏదున్నా సిగ్నల్ హాయిగా ఆకుపచ్చగానే వెలుగుతుంది.

ఇంకొన్ని చోట్ల యాక్సిల్ కౌంటర్లుంటాయి. లోపలికి ఎన్ని ఇరుసులు పోయాయి, బయటికి ఎన్ని వచ్చాయి అని లెక్కపెట్టడమే వాటి పని. లెక్క సరిపోతే దారి ఖాళీ. మధ్యలో పట్టా విరిగినా వాటికి తెలియదు, ఇక రాయి సంగతి చెప్పేదేముంది.

"కవచ్ వస్తోందిగా" అని కూడా అంటుంటారు. కవచ్ మంచిదే. ఎర్ర సిగ్నల్ దాటబోయే బండిని ఆపుతుంది, రెండు బండ్లు ఢీకొనకుండా చూస్తుంది. పట్టాల మీద ఏం పడుందో అది చూడదు.

మరి చూసేదెవరు? రోజుకోసారి కీమేన్. భుజాన సుత్తీ స్పానరూ వేసుకుని తన బీటంతా నడుస్తాడు. వానాకాలంలో రాత్రిళ్ళు పెట్రోల్‌మేన్ తిరుగుతాడు. గేటు దగ్గర గేట్‌మేన్ ఉంటాడు. ఆ తర్వాత లోకో పైలట్, అతనికి కనిపించేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. రాత్రి పూట ఇంజను లైటు వెలుగులో పట్టా మీది చిన్న వస్తువు కొన్ని వందల మీటర్ల దూరం నుంచి కనిపిస్తే గొప్ప. గంటకి నూటపది కిలోమీటర్ల మీద పోయే ఎక్స్‌ప్రెస్‌కి ఎమర్జెన్సీ బ్రేకు వేసినా ఆగడానికి దాదాపు కిలోమీటరు పడుతుంది. మిగతా సమయమంతా ఆ కట్టని చూసేది చేలోకి పోయే రైతూ, చెరువు కాపలా మనిషీ, మీలాంటివాళ్ళే. ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం అదే.

బిళ్ళ, రాయి, ఇనుము

రైలు చక్రానికి లోపలి అంచున ఒక గట్టు ఉంటుంది, దాన్ని ఫ్లాంజ్ అంటాం. దాని ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. చక్రాన్ని పట్టా మీంచి జారిపోకుండా ఆపేది అదొక్కటే. రూపాయి బిళ్ళ మందం రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. చక్రం కింద రేకై పోతుంది, అంతే. కాబట్టి బిళ్ళకి బండి పడదు.

కంకర రాయి వేరు. మన ట్రాక్‌లో వేసే రాయి పిడికిలంత ఉంటుంది. డబ్ల్యూఏపీ-7 ఇంజను బరువు 123 టన్నులు, ఆరు ఇరుసుల మీద పంచితే ఒక్కో ఇరుసు మీద ఇరవై టన్నుల పైచిలుకు. దాని కింద పడ్డ రాయి పిండే. లోకో పైలట్‌కి ఒక కుదుపు తెలుస్తుంది, వచ్చే స్టేషన్‌లో చెబుతాడు, వెనక వచ్చే బండికి కాషన్ ఇస్తారు, అంటే నెమ్మదిగా పొమ్మంటారు, మావాళ్ళు వెళ్ళి చూస్తారు. ఆ బండీ వెనక బండీ ఆలస్యం. చాలాసార్లు కథ ఇక్కడితో అయిపోతుంది.

అయిపోని చోట్లు మూడున్నాయి.

ఒకటి, వంపు. వంపులో బయటి పట్టాకి ఫ్లాంజ్ ముందే ఒరుసుకుంటూ పోతుంటుంది. అక్కడ చక్రం కొంచెం లేచినా ఫ్లాంజ్ పట్టా పైకెక్కుతుంది. ఎక్కాక మళ్ళీ లోపలి వైపే దిగుతుందన్న భరోసా లేదు.

రెండు, ముందు తేలిక పెట్టె ఉండే బండి. దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే మెమూ, డెమూ ప్యాసింజర్లకి ఇంజను వేరుగా ఉండదు, ముందున్న పెట్టెలోనే అన్నీ. అది ఇంజనంత బరువు తూగదు. కాకినాడ–కోటిపల్లి లైనులో తిరిగిన రైల్‌బస్సు వీటన్నిటికంటే తేలిక. ఆ లైను కథ వేరే ఉంది లెండి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాలు పీకి పట్టుకుపోతే 2004లో గానీ మళ్ళీ బండి తిరగలేదు. రోజుకి ఒక్క బండే కదా అని ఆ పట్టాల మీదే గేదెల్ని కట్టేసేవారు, పిడకలు ఆరేసేవారు. తేలిక బండి, తక్కువ బండ్లు, జనానికి భయం లేకపోవడం, ఈ మూడూ ఒకచోట కలవకూడదు.

మూడు, లెవెల్ క్రాసింగ్. గేటు దగ్గర పట్టాకి లోపలి వైపు ఇంకో పట్టా వేసి ఉంటుంది చూడండి, దాన్ని చెక్ రైలంటాం. రెంటి మధ్య సందు 51 నుంచి 57 మిల్లీమీటర్లు. ఫ్లాంజ్ ఆ సందులోంచి పోవాలి. అందులో రాయి ఇరుక్కుంటే పిండి కావడానికి చోటుండదు, ఫ్లాంజ్‌నే పైకి లేపుతుంది. గేట్‌మేన్ ఎప్పుడూ ఒక కడ్డీతో ఆ సందు గీకుతూ కనిపించేది అందుకే, పనిలేక కాదు.

పాయింట్ల దగ్గర రాయి పడితే మాత్రం ఒక రకంగా నయం. అక్కడ కదిలే పట్టా నాలుకకీ అసలు పట్టాకీ మధ్య 5 మిల్లీమీటర్ల అడ్డు ఉన్నా సిగ్నల్ రాకూడదన్నది లెక్క. బండి ఆగిపోతుంది, ప్రయాణికులు తిట్టుకుంటారు, ప్రాణాలు దక్కుతాయి.

ఇనప ముక్క, సిమెంటు స్తంభం, పాత స్లీపరు, ఇవి పిండి కావు. ముక్కలై ఇంజను కిందికి దూరతాయి, బ్రేకు పైపులు తెంపుతాయి, చక్రం ముందు చీలికలా కూరుకుపోతాయి. 2024 ఆగస్టు 17న కాన్పూరు దగ్గర సబర్మతి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది. ఇంజను ఏదో వస్తువును గుద్దుకున్నాకే అలా జరిగిందని రైల్వే చెప్పింది. మరుసటి నెల అదే కాన్పూరు వైపు కాళింది ఎక్స్‌ప్రెస్ పట్టాల మీది గ్యాస్ సిలిండర్‌ని గుద్దింది, అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. మీకు దొరికిన స్తంభం ముక్క ఈ జాతిలోదే. మీరు తీసెయ్యడం మంచి పని.

బిళ్ళకి బండి పడదన్నాను కదా అని పిల్లల్ని వదిలెయ్యకండి. బిళ్ళ పెట్టే పిల్లాడు బండి వచ్చేదాకా రెండడుగుల దూరంలో కూర్చుంటాడు. చక్రం కింద చితికిన రాయి ముక్కలు ఎగిరితే కన్ను పోతుంది. ఇంకోటి, పెద్దవాళ్ళు కూడా గమనించుకోని సంగతి: నిడదవోలు–భీమవరం, భీమవరం–నరసాపురం లైన్లు మొన్న మొన్నటిదాకా సింగిల్ లైనూ డీజిల్ బండ్లూ. ఇప్పుడు డబుల్ లైను, కరెంటు బండ్లు. ఒక బండి పోతే ఇంకాసేపు ఏదీ రాదన్న పాత లెక్క మన కాళ్ళలో ఉండిపోయింది. పోయే బండిని చూస్తూ రెండో లైనులో నిలబడ్డవాడికి వెనకొచ్చే బండి చప్పుడు ఈ బండి చప్పుడులో కలిసిపోతుంది. కరెంటు ఇంజను డీజిల్‌లా దూరం నుంచి గుర్రుమనదు. కుర్రాళ్ళకి చెప్పాల్సిన మొదటి మాట ఇదీ, కేసుల సంగతి తర్వాత.

మన డెల్టాలో అసలు అడ్డంకులు ఇవీ

పట్టాల మీద అడ్డం అనగానే కుట్ర, విద్రోహం అని టీవీల్లో గోల చేస్తారు. అలాంటివి లేవనను. 2010 మే 28న పశ్చిమ బెంగాల్లో పట్టా విప్పేసి జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్‌ని పడేశారు. పడ్డ పెట్టెలు పక్క లైనులోకి ఒరిగితే ఆ లైనులో వచ్చిన గూడ్సు వాటిని గుద్దింది, నూట నలభై మందికి పైగా పోయారు. మన తునిలో 2016 జనవరి 31న ఉద్యమం పేరుతో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ని తగలబెట్టడం అందరికీ గుర్తే. కానీ నా సర్వీసులో కట్ట మీద నేను తీయించిన అడ్డాల్లో ఎక్కువ భాగం ఎవరి మీదా కోపంతో పెట్టినవి కావు. సొంత సౌకర్యానికి పెట్టినవి. పెట్టినవాడు ఊళ్ళో మంచివాడే అయ్యుంటాడు.

మొదటిది మీరు చూసినదే, బైకు దారి. గేటు కిలోమీటరు దూరం, చేను కట్టకి అవతల. పట్టాకి ఇటూ అటూ కంకర పోగేసి, పైన చెక్కో స్తంభం ముక్కో పెట్టి బైకు ఎక్కించేస్తారు. నెమ్మదిగా దారి స్థిరపడుతుంది. ఎరువు బస్తాలు, పాల క్యాన్లు, చివరికి ట్రాలీ రిక్షా కూడా. ఇందులో రెండు నష్టాలు. పైన పెట్టిన ముక్క బండి అదురుకి జరిగి పట్టా ఎక్కుతుంది. రెండోది ఎవరికీ కనిపించదు: స్లీపర్ల మధ్య నుంచి కంకర లాగేస్తే అక్కడ పట్టాకి పట్టు పోతుంది. మే నెల ఎండలో పట్టా సాగుతుంది, సాగినప్పుడు పక్కకి వంగిపోకుండా పట్టి ఉంచేది ఆ కంకరే. కంకర లేని చోట పట్టా పాములా మెలికలు తిరుగుతుంది. అలా తిరిగిన పట్టాని చూసినవాడు మళ్ళీ కంకర రాయి ముట్టుకోడు.

రెండోది దమ్ము చక్రాలు. సార్వా (వానాకాలం పంట) నాట్లప్పుడు ట్రాక్టరుకి ఇనప దమ్ము చక్రాలు తగిలించి ఈ చేలోంచి ఆ చేలోకి గేటు మీదుగానే తోలేస్తారు. చక్రానికంటిన మట్టంతా ఆ 51 మిల్లీమీటర్ల సందులో కూరుకుంటుంది. పైగా ఇనప పళ్ళు గేటు మీది రోడ్డు పెచ్చులూడగొడతాయి, ఆ పెచ్చులూ సందులోకే. నాట్ల రోజుల్లో గేట్‌మేన్లు ట్రాక్టరు డ్రైవర్లతో పడే గొడవలు ఇన్నీ అన్నీ కావు. "రోజూ పోతున్నాం, ఏమైంది" అంటారు. ఏమీ కాకపోవడానికి కారణం ఆ గేట్‌మేన్ ప్రతి బండికీ ముందు కూర్చుని సందు గీకడం.

కోతలప్పుడు సమస్య ఎత్తుది. ఎండుగడ్డి లోడు ఎంత ఎత్తు కట్టాలన్న దానికి మనవాళ్ళకి హద్దుండదు. లైను కరెంటుకి మారాక గేటుకి రెండు వైపులా అడ్డంగా ఇనప దూలం పెట్టారు, దాని కింద పట్టిన లోడే పైనున్న వైరు కింద క్షేమంగా పడుతుంది. లోడు తగులుతుంటే మీద కూర్చున్న మనిషి కర్రతో దూలాన్ని ఎత్తబోవడం నేను చూశాను. ఆ పైన ఉన్నది 25,000 వోల్టులు. తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు. రెండు మీటర్ల లోపుకి మనిషి గానీ కర్ర గానీ వెళ్ళకూడదు.

గడ్డి తగలబెట్టడం ఇంకోటి. దాళ్వా (రెండో పంట) కోత కాగానే కట్ట పక్క చేలో నిప్పు పెడితే పొగకి సిగ్నల్ కనిపించదు. మంట కట్టెక్కితే సిగ్నల్ కేబుళ్ళు కాలతాయి. కేబులు కాలితే సిగ్నల్ ఎర్రగా పడుతుంది కాబట్టి ప్రాణాపాయం తక్కువే గానీ ఆ పూటంతా బండ్లు సిగ్నల్ బదులు స్టేషన్ మాస్టర్ రాసిచ్చే కాగితాల మీద నడుస్తాయి. పది మంది మనుషులు పది సార్లు జాగ్రత్తగా ఉంటే గానీ కాగితం మీద నడిచే బండి క్షేమం కాదు.

ఇక చెరువులు. ఉండి, ఆకివీడు, కైకలూరు వైపు రైల్లో పోతుంటే రెండు పక్కలా చేపల చెరువులూ రొయ్యల చెరువులే. కొన్ని కట్ట మొదలుకంటా తవ్వేశారు. మన నేల నల్లమట్టి, నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. చెరువు నిండుగా ఉన్నన్నాళ్ళూ కట్టకి ఏమీ కాదు. పట్టుబడి చేసి (చేపలో రొయ్యలో పట్టేసి) నీళ్ళు ఒక్కసారి తోడేశారనుకోండి, కట్ట లోపల నీరు అలాగే ఉంటుంది, బయట దాన్ని ఆనుకుని నిలబెట్టిన చెరువు నీరు పోతుంది. అప్పుడు కట్ట పక్కకి జారుతుంది. వరదలో కాదు, వానలో కాదు, ఎండలో జారుతుంది. కొత్తగా వచ్చిన ఇంజినీర్లకి ఇది నమ్మడం కష్టం. పైన పట్టా రెండు మూడంగుళాలు దిగినా బండి ఊగుతుంది, దాన్ని కంకరతో ఎత్తుకుంటూ పోవాలి, కింద జారుడు ఆగేదాకా. కట్ట పక్కన కొత్తగా పొక్లెయిన్ దిగిందంటే అది పట్టా మీద రాయి పెట్టినదానికంటే పెద్ద విషయం. దానికీ ఫోన్ చెయ్యండి. కట్ట కింద నుంచి గుట్టుగా పైపు దోపి నీళ్ళు మళ్ళించడం కూడా ఇదే కోవ.

నీరు కట్టనీ వంతెననీ ఏం చేస్తుందో చెప్పడానికి 2005 అక్టోబరు 29 చాలు. రేపల్లె నుంచి సికింద్రాబాదు పోయే డెల్టా ప్యాసింజరు వలిగొండ దగ్గర పడిపోయింది. చెరువు తెగి వచ్చిన వరదకి వంతెన కొట్టుకుపోయింది. వందమందికి పైగా చనిపోయారు. మీ ఊరి పైన కాలవకి గండి పడినా, మురుగు కాలవ పొంగి కట్ట దగ్గరికి వచ్చినా, పట్టాల మీదికి నీళ్ళు రాకముందే చెప్పండి.

చెరువుల మీద పిట్టల కోసం కట్టే వలలూ మెరుపు రిబ్బన్లూ గాలివానకి ఎగిరి కరెంటు వైరు మీద పడతాయి. సంక్రాంతికి గాలిపటాలు. కర్రతో లాగబోకండి, తడి దారం కూడా కరెంటు పట్టుకొస్తుంది. ఇది పూర్తిగా రైల్వే వాళ్ళ పని, వాళ్ళు లైను ఆపి తీస్తారు.

గేదెలు, ఆవుల గురించి రెండు మాటలు. పాత ఇంజన్లు గేదెని గుద్ది పోయేవి, జనం అదే అనుకుంటారు ఇప్పటికీ. 2022 అక్టోబరులో గుజరాత్‌లో వందే భారత్ గేదెల్ని గుద్దితే ముందు ముక్కు ఊడిపోయింది. అది చిన్న నష్టం. 1995 ఆగస్టులో ఫిరోజాబాద్ దగ్గర ఒక జంతువును గుద్ది ఆగిపోయిన కాళింది ఎక్స్‌ప్రెస్‌ని వెనక నుంచి పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ గుద్దింది. మూడు వందల మందికి పైగా పోయారు. దాంట్లో సిగ్నల్ దగ్గర మనుషుల తప్పు ఉంది, కాదనను. కానీ ఆ రాత్రి మొదలైంది పట్టాల మీదికొచ్చిన ఒక జంతువుతో. కట్ట మీద పచ్చిక బాగుంటుందని మేకు పాతి కట్టేసి పోవడం మానమని మీ పాల కేంద్రం దగ్గరైనా చెప్పించండి.

దొంగతనాల గురించి ఎక్కువ రాయను. స్లీపరుకి పట్టాని పట్టి ఉంచే క్లిప్పుల్ని పాత ఇనప కొట్టుకి అమ్ముకునేవాళ్ళున్నారు. ఒకటి పోతే ఏమీ కాదు, వరసగా పోతే పట్టా విడిపోతుంది. రాగి కేబుళ్ళు పోతే సిగ్నల్ చెడుతుంది. క్లిప్పులు కొనే కొట్టువాడి మీద కూడా కేసు ఉంటుంది, రైల్వే ఆస్తి ఉంచుకోవడమే నేరమని 1966 నుంచీ చట్టం ఉంది.

కనిపించాక ఏం చెయ్యాలి

ముందు మీరు పట్టాల మధ్య నిలబడి ఆలోచించకండి. పక్కకి, కంకర దిగాక ఉండే నడక దారిలోకి రండి.

ఒక్క చేత్తో తీయగలిగే వస్తువు, రెండు వైపులా దూరం దాకా బండి జాడ లేదు అంటే తీసెయ్యండి. ముందు ఒక ఫోటో. తీసినదాన్ని రెండు లైన్ల మధ్యలో పడెయ్యకండి, కట్ట కిందికి దించండి. పట్టా పక్కనే ఉంటే రేపు మళ్ళీ ఎవడో దాన్నే వాడతాడు. మీ స్తంభం ముక్క ఇప్పుడెక్కడుందో ఒకసారి చూసి రండి.

బరువైనదైతే దానితో కుస్తీ పట్టకండి. ఒక కాంక్రీటు స్లీపరు పావు టన్ను పైనే తూగుతుంది. బరువైన అడ్డం ఉన్నప్పుడు దాన్ని వదిలేసి బండి వచ్చే వైపుకి పరిగెత్తండి. అడ్డం దగ్గరే నిలబడి చేతులూపితే లాభం లేదు, బండికి ఆగే దూరం కావాలి. రైల్వే వాళ్ళకి ఉన్న నియమం చూస్తే మీకు అర్థమవుతుంది: అడ్డానికి 600 మీటర్ల దూరంలో ఒక డిటొనేటర్ (చక్రం కింద పేలి లోకో పైలట్‌ని హెచ్చరించే టపాకాయ), 1200 మీటర్ల దూరంలో పది మీటర్లకొకటి చొప్పున మూడు పెట్టాలి. మీ దగ్గర డిటొనేటర్లు ఉండవు, దూరం మాత్రం అదే గుర్తుంచుకోండి.

బండి ఎటు నుంచి వస్తుంది? రోడ్డు మీద లాగే మన రైళ్ళూ ఎడమ లైనులో పోతాయి. అడ్డం ఉన్న లైను మీకు ఎడమకీ రెండో లైను కుడికీ వచ్చేలా నిలబడితే, అడ్డం ఉన్న లైనులోకి బండి మీ వెనక నుంచి వస్తుంది. అటు పరిగెత్తండి. మరమ్మతుల కోసం లైను బ్లాకు చేసినప్పుడు ఇది తారుమారవుతుంది, అందుకే ఇంకో మనిషి ఉంటే రెండో వైపుకి పంపండి.

పగలైతే ఎర్రగుడ్డ ఊపండి. కండువా, తువ్వాలు, చీర, ఏదైనా ఎర్రది. ఏదీ లేకపోతే రెండు చేతులూ పైకెత్తి బండికి ఎదురుగా చూపించండి, కట్ట పక్కనే ఉండి. రాత్రయితే ఎర్ర లైటు, లేదా సెల్‌ఫోన్ టార్చి అటూ ఇటూ గట్టిగా ఊపండి. తెల్ల లైటైనా సరే అలా ఊపితే ఆగమన్నట్టేనని రైల్వే నియమాల్లోనే ఉంది. లోకో పైలట్‌కి అది తెలుసు. ఊపే మనిషిని చూసి ఆపకుండా పోయే పైలట్ నాకు తగల్లేదు. ఆగిన ఇంజను నుదుటి మీద పసుపు లైటు మినుకుమినుకుమంటే పక్క లైనులో వచ్చే బండికి ప్రమాదం అని చెబుతున్నాడని అర్థం, అప్పుడు రెండో లైనులోకి కూడా అడుగు పెట్టకండి.

ఫోన్ సంగతి. దగ్గర్లో గేటుంటే గేట్‌మేన్ దగ్గరికి పొండి, అన్నిటికంటే అదే వేగం. అతని దగ్గర స్టేషన్ మాస్టర్‌కి నేరుగా ఫోనుంటుంది, డిటొనేటర్లూ ఎర్రజెండా ఉంటాయి. గేటు దూరమైతే 139. పాత 182 నంబరు ఇప్పుడు లేదు, 139లోనే కలిపేశారు. 112కి చేసినా పోలీసులు రైల్వేకి చేరవేస్తారు.

ఫోన్‌లో "అత్తిలి దగ్గర" అని చెబితే ఎవరికీ అర్థం కాదు. పక్కనున్న కరెంటు స్తంభం నంబరు చెప్పండి. ప్రతి స్తంభం మీదా ఒక పలక ఉంటుంది, పైన కిలోమీటరు, కింద ఆ కిలోమీటరులో ఆ స్తంభం వరస. ఆ రెండు అంకెలు చెబితే కంట్రోలులో కూర్చున్నవాడికి మీరు ఏ గజంలో నిలబడ్డారో తెలుస్తుంది. గేటు దగ్గరైతే గేటు నంబరు. మీ ఊరి వెనక ఉన్న స్తంభం నంబరూ, దగ్గరి గేటు నంబరూ, స్టేషన్ ఫోన్ నంబరూ పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి, ఈ రోజే.

కేసుల సంగతి

చెప్పినవాడు సాక్షి అవుతాడేమో గానీ ముద్దాయి కాడు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చోటు చెప్పి పెట్టెయ్యండి. మీరు స్తంభం ముక్క తీసినందుకు మీమీద ఏమీ రాదు.

పెట్టినవాడి మీద వచ్చేది మనసులో ఏముందన్నదాన్ని బట్టి. 1989 రైల్వే చట్టంలో 150వ సెక్షన్ బండిని పడేయాలన్న దురుద్దేశంతో చేసినవాడికి, యావజ్జీవం దాకా ఉంది, చంపే ఉద్దేశంతో చేసి మనుషులు పోతే మరణశిక్ష దాకా. 153 కావాలని ప్రయాణికుల్ని ప్రమాదంలో పెట్టినవాడికి, అయిదేళ్ళ దాకా. బండి మీద రాళ్ళు వేసేవాళ్ళకి ఎక్కువగా పెట్టేది ఇదే. మనుషులకి దెబ్బ తగలాలనే విసిరితే 152 కిందికి వస్తుంది, అది యావజ్జీవం దాకా పోతుంది. 2023 జనవరిలో వందే భారత్ ఇంకా మొదలుకాకముందే విశాఖలో దాని మీద రాళ్ళు పడ్డాయి, మన ప్రాంతపు కుర్రాళ్ళ సరదా ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. 154 నిర్లక్ష్యానికి, ఏడాది దాకా. బైకు దారి వేసినవాడు దీని కిందికి రావొచ్చు. పట్టాల మీద ఊరికే నడవడం 147, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. రైల్ రోకో 174, రెండేళ్ళ దాకా.

మీ కుర్రాళ్ళు పద్దెనిమిది నిండనివాళ్ళయితే వ్యవహారం బాలల న్యాయ చట్టం ప్రకారం పోతుంది. మామూలుగా ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు తల్లిదండ్రుల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు, బడికొచ్చి చెబుతారు. భీమవరం ఆర్పీఎఫ్‌కి మీ సర్పంచి గారి చేత ఒక ఉత్తరం రాయించి బడిలో మాట్లాడమని అడగండి. ఎవరి పేరూ రాయనక్కర్లేదు. నేను ఉద్యోగంలో ఉండగా బెదిరించి మాన్పించిన ఊళ్ళకంటే, ఫ్లాంజ్ ఎంత ఎత్తుంటుందో బొమ్మ గీసి చూపించిన ఊళ్ళలో ఎక్కువ మానారు. కుర్రాళ్ళకి లెక్క నచ్చుతుంది.

బైకు దారి మాత్రం మాటలతో ఆగదు. అవతల చేలున్నన్నాళ్ళూ దాటుతారు. మేం ఎన్నిసార్లు పట్టా ముక్కలు పాతి మూసినా పక్కన ఇంకోటి పుట్టేది. దీనికి పంచాయతీ తీర్మానం చేసి, దాటే రైతుల సంతకాలతో, విజయవాడ డీఆర్ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుకి అర్జీ పెట్టాలి. కింద నుంచి దారి కావాలని అడిగే ముందు ఒకటి ఆలోచించుకోండి: మన వైపు నాలుగడుగులు తవ్వితే నీరు. అండర్ పాస్‌లు సార్వా అంతా నిండిపోయి, జనం మళ్ళీ పట్టాలెక్కడం చాలా చోట్ల చూస్తున్నాం. నీళ్ళు తోడే మోటారూ దాన్ని చూసే మనిషీ అర్జీలోనే అడగండి. కట్ట వెంబడి గేటు దాకా బైకు పోయేంత గ్రావెల్ దారి వేస్తే చాలా ఊళ్ళకి అది తక్కువ ఖర్చుతో తేలిపోయే పని, ఆ స్థలం రైల్వేదో పంచాయతీదో ముందు సర్వేయరు చేత కొలిపించండి. మీ గేటు నంబరూ స్తంభం నంబరూ ఇక్కడ రాస్తే అర్జీ ఎలా రాయాలో ముసాయిదా పెడతాను.